షోజో మాంగా బొమ్మలోని గౌనును నిజంగా కుట్టించాలంటే ఎట్లా? బట్ట, కొలతలు, కాన్‌కాన్

నీలి రిబ్బన్ (హన్మకొండ) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. 1990ల షోజో మాంగాల్లో (అమ్మాయిల కోసం వేసే జపాన్ కామిక్స్‌లో) అమ్మాయిలు వేసుకునే తరహా గౌను ఒకటి కుట్టించుకోవాలని ఉంది. ఫలానా పాత్రదే కావాలని లేదు, ఆ తరహా వస్తే చాలు. ముదురు నీలం రంగు, పెద్ద సెయిలర్ కాలర్ (వెనక చదరంగా పరుచుకునే నావికుల తరహా కాలర్), దాని అంచున మూడు తెల్ల గీతలు, బుట్ట చేతులు, నడుము దగ్గర బిగువుగా ఉండి కింద విచ్చుకునే మోకాళ్ల పై దాకా స్కర్టు, వెనక పెద్ద రిబ్బన్.

నా దగ్గర ఉన్నది ముందు వైపు బొమ్మ ఒక్కటే, అదీ నలుపు తెలుపులో. కొలతలు: ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, ఛాతీ 34, నడుము 28, సీటు 37, భుజం 14, నడుము నుంచి నేల దాకా 39.

హైదరాబాద్ కామిక్ కాన్‌కు (కామిక్స్ అభిమానుల మేళాకు) వేసుకుంటాను. ఆ తర్వాత పండుగలకు, ఫంక్షన్లకు కూడా వేసుకునేటట్టు ఉండాలి, అంటే చూడగానే నాటకం డ్రెస్సు అనిపించొద్దు. టైలర్ అన్నకు బొమ్మ చూపిస్తే "ఇది కాగితం మీద బాగుంటది, బట్టల రాదు" అన్నడు. నిజంగానే రాదా? ఏ బట్ట ఎన్ని మీటర్లు తేవాలి, టైలర్‌కు ఏమని చెప్పాలి?

గీతల లెక్క (కరీంనగర్)

వస్తుంది. కాకపోతే టైలర్ దగ్గరికి పోకముందే బొమ్మలో ఏ గీత కుట్టు, ఏ గీత మడత, ఏది ఒట్టి అలంకారం అన్నది మీరే తేల్చుకోవాలి. ఆ పని టైలర్‌కు వదిలేస్తే ఆయనకు తెలిసిన గౌను ఒకటి కుట్టిస్తాడు, అందులో ఆయన తప్పేమీ ఉండదు.

స్కర్టుతో మొదలుపెట్టండి. నడుము దగ్గర పుట్టి మధ్యలోనే సన్నబడి మాయమయ్యే గీతలు కుచ్చులు. నడుము నుంచి అంచు దాకా తెగకుండా దిగే గీతలు ప్లీట్లు, లేదంటే కలీల (నిలువు ముక్కలను కలిపిన) కుట్లు. తర్వాత కింది అంచు చూడండి. అంచు అలలుగా తిరిగి ఆ అలల సందుల్లోంచి లోపలి వైపు కనిపిస్తుంటే అంబ్రెల్లా కట్, అంటే గుండ్రంగా కోసిన స్కర్టు. రంపపు పళ్లలా మెట్లు మెట్లుగా ఉంటే ప్లీట్లు. నడుము దగ్గర ఒక్క గీత కూడా లేకుండా అంచు మాత్రం అలలు తిరిగి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు, అంబ్రెల్లాయే. మీరు చెప్పినదాన్ని బట్టి మీది ఇదే అనిపిస్తోంది.

బూడిద రంగు దగ్గర చాలామంది పొరపడతారు. మాంగా పేజీల్లో రంగు ఉండదు కాబట్టి ఆ చోట చుక్కలో గీతలో ఉన్న స్క్రీన్‌టోన్ వాడతారు. 1990ల్లో ఆ షీట్లను చేత్తో కత్తిరించి అతికించేవారు. టోన్‌కు బట్ట మడతలతో పని లేదు, మడత మీద కూడా చదునుగానే పరుచుకుంటుంది. అందువల్ల మడత దగ్గర డిజైను విరగలేదు గనుక అది ప్రింటు కాదు అని తేల్చెయ్యొద్దు. అదే గౌను వేరే ఫ్రేముల్లో ఎట్లా ఉందో చూడండి. ప్రతిచోటా అదే టోన్ ఉంటే అది బట్ట రంగు గానీ ప్రింటు గానీ. ఒక్క ఫ్రేములోనే ఉంటే నీడ, లేదా ఆ సన్నివేశం మూడ్. అసలు రంగు కోసం కవర్లు, పత్రికలో మొదట వచ్చే రంగు పేజీలు వెతకాలి. నకయొషి, రిబొన్ లాంటి షోజో మాంగా పత్రికలు 1955 నుంచీ ఉన్నాయి, వాటిలో వచ్చిన కథలకు రంగు బొమ్మలు సులువుగానే దొరుకుతాయి.

కొలతలకు ఏ బొమ్మ తీసుకోవాలంటే, ఫ్రేముల హద్దులు దాటి పేజీ నిలువునా నిలబడే నిండు బొమ్మ. ఈ రకం కామిక్స్‌లో అట్లాంటి బొమ్మ వేయడం 1950ల చివరి నుంచీ ఉన్న అలవాటు. బట్టలు తలనుంచి పాదం దాకా చూపించడమే దాని ప్రయోజనం. పరుగెత్తే బొమ్మ, గాలిలో తిరిగే బొమ్మ కొలతకు పనికిరావు. చుట్టూ తేలే పూలు, లేసులు చాలాసార్లు పేజీ అలంకారమే, గౌనులో భాగం కాదు.

ఆ బొమ్మను అంగుళానికి అంగుళం దించొద్దు. షోజో అమ్మాయి ఎత్తు తలతో కొలిస్తే ఎనిమిది తలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వస్తుంది. మనుషులం ఏడు, ఏడున్నర దగ్గర ఆగుతాం. ఆ తేడా దాదాపు అంతా కాళ్లలోనే పెడతారు. అందుకని నిష్పత్తి తీసుకోండి. బొమ్మలో నడుము నుంచి పాదం దాకా 10 సెం.మీ. ఉండి, అందులో స్కర్టు 5.4 సెం.మీ. ఉందనుకుందాం. అంటే 54 శాతం. మీ 39 అంగుళాల్లో 54 శాతం అంటే 21 అంగుళాలు. స్కర్టు పొడవు అదే. కాలర్ వెడల్పు, రిబ్బన్ వెడల్పు కూడా ఇట్లాగే భుజం వెడల్పులో ఎంత వంతో చూసి తీసుకోండి.

ఇంకొకటి, బొమ్మలో నడుము గీత మన అసలు నడుము కన్నా పైన ఉంటుంది. బాడీసును (గౌను పై భాగాన్ని) ముప్పావు అంగుళం పైనే ఆపండి, కాళ్లు పొడవుగా కనిపిస్తాయి. అంతకన్నా పైకి తీస్తే చిన్నపిల్లల ఫ్రాకు అయిపోతుంది. ఆ చోట నడుము చుట్టుకొలత మళ్లీ తీసుకోవడం మాత్రం మరిచిపోవద్దు.

కుట్టుపని అక్క (వరంగల్)

చెల్లె, గీతల సంగతి పైన మంచిగ చెప్పిన్రు. నేను స్కర్టు, కాన్‌కాన్ (స్కర్టు లేసి నిలబడేటందుకు లోపట వేసుకునే నెట్ లంగా) చెప్త. ఈ గౌనుకు ప్రాణం పైబట్టల లేదు, లోపట వేసుకునే దాంట్ల ఉన్నది. బొమ్మల స్కర్టు దానంతట అదే లేసి నిలబడ్డట్టు గీస్తరు. మన బట్ట ఎంత ఖరీదుదైనా కిందికే జారుతది. అందుకే టైలర్లు బట్టల రాదు అంటరు. లోపట నిలబెట్టేది ఉంటే వస్తది.

ముందు అంబ్రెల్లా లెక్క. నడుమును 6.28తోని భాగించాలె. మళ్లీ కొలిచినా నీకు 28 వచ్చిందనుకో, 4.46 అయితది, అంటే నాలుగున్నర అంగుళాలు. ఇది కుట్టు పడే గీత. కత్తెర పడే గీత దానికి అర అంగుళం లోపలికి, 4 అంగుళాల కాడ ఉండాలె. నాలుగున్నర కాడ కోసి, అర అంగుళం మార్జిన్ పట్టి కుడితే నడుము 31 దాటుతది. గుండ్రంల అర అంగుళం తేడా అంటే చుట్టు మూడు అంగుళాల తేడా. ఆ ఎక్కువైన బట్టను కుచ్చు పెట్టి సర్దుతరు, ఇగ ముందట కడుపు కాడ ఉబ్బుతది. బొమ్మల ఉన్న నున్నటి నడుము పాయె.

నాలుగున్నర, పొడవు 21, అంచు మడతకు అర అంగుళం కలిపితే 26. గుండ్రం మొత్తం 52 అంగుళాలు. 58 పన్నా (58 అంగుళాల వెడల్పు) బట్టయితే ఒక్క ముక్కల వస్తది, మీటరున్నర చాలు, జిప్పు కోసం ఎడమ పక్క ఒక చీలిక ఇస్తే అయిపాయె. 44 పన్నా అయితే రెండు సగం ముక్కలు కొయ్యాలె, పావు తక్కువ మూడు మీటర్లు పడతది. కానీ దాంట్ల ఒక లాభం ఉన్నది, పక్కన 17 అంగుళాల వెడల్పు పట్టీ నిలువునా మిగులుతది. కాలరు, కఫులు, నడుము పట్టీ, రిబ్బన్ అన్నీ దాంట్లనే ఎల్తయి. గౌను మొత్తానికి 58 పన్నా అయితే 3 మీటర్లు, 44 అయితే 4¼ మీటర్లు తెచ్చుకో. కాటన్ అయితే కోసే ముందు ఒక్కసారి నీళ్లల్ల నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చెయ్యాలె. మీటరుకు ఒకటి రెండు అంగుళాలు గుంజుకుంటది.

నడుము గుండ్రం కోసిన వెంటనే మార్జిన్ లోపట ఒక కుట్టు వేసి పెట్టుకోవాలె. లేకుంటే పట్టుకున్న చేతులల్లనే అది సాగుతది. నడుముకు అతికించినంక ఒక రోజంతా హ్యాంగర్‌కు ఏలాడదియ్యి. గుండ్రంల క్రాసు పడ్డ నాలుగు చోట్ల బట్ట కిందికి దిగుతది. అది దిగినంకనే అంచు సమానం చెయ్యాలె. ఎట్లంటే కాన్‌కాన్, చెప్పులు అన్నీ వేసుకుని నిలబడు, ఇంకొకరు నేల మీద స్కేలు నిలబెట్టి చుట్టు చాక్‌పీసుతోని గీత పెట్టాలె. కాన్‌కాన్ లేకుండ కొలిస్తే తర్వాత అంచు ఎగుడుదిగుడు అయితది, ముఖ్యంగ ఎనక. అంచుల లెహంగాలకు పెట్టే నైలాన్ గట్టి పట్టీ ఒక అంగుళంది వేస్తే ఆ అలలు బొమ్మల గీసినట్టే నిలబడతయి. ఈ పట్టీ ఒక్కటే గౌనును సగం మారుస్తది, దీనికి పైసలు చూస్కోకు.

ఇగ కాన్‌కాన్. గౌనుకు కలిపి కుట్టనియ్యకు, వేరే లంగాలెక్క ఉండాలె. ఉతుకుడు, ఇస్త్రీ సులువైతది, పండుగ రోజు కాన్‌కాన్ లేకుండ గౌను ఒక్కటే వేసుకోవచ్చు. పైన 7 అంగుళాలు ఉత్త కాటన్ గుడ్డ, సీటు 37కు రెండు కలిపి 39 చుట్టు, కుచ్చు లేకుండ. నడుముకు బొందు గానీ ఎలాస్టిక్ గానీ. దాని కింద మొదటి వరుస నెట్ 78 అంగుళాలు తీసుకుని 39కి కుచ్చు పెట్టాలె. దాని కింద రెండో వరుస 156 తీసుకుని 78కి కుచ్చు. ఒక్కో వరుస తయారైనంక 6 అంగుళాలు, అంటే కోసేటప్పుడు 7. మొత్తం 19 అయితది, స్కర్టు కన్న 2 అంగుళాలు తక్కువ. ఈ రెండు వరుసలను రెండు పొరలుగ వెయ్యాలె. 58 పన్నా నెట్‌ల 7 అంగుళాల పట్టీలు తొమ్మిది కావాలె, 2 మీటర్లు తెస్తే సరిపోతది.

కుచ్చు నడుము కాడనే ఎందుకు మొదలుపెట్టొద్దంటే, నడుము లావైతది. బొమ్మల నడుము సన్నగ ఉండి పిరుదుల కాడికెల్లి విచ్చుకుంటది. ఆ 7 అంగుళాల ఉత్త గుడ్డ అందుకే.

లోపటి పొర గట్టి నెట్, పై పొర మెత్త నెట్ పెట్టు. మొత్తం గట్టిది పెడితే నెట్ గీతలు పైబట్ట మీద అచ్చు పడతయి, మొత్తం మెత్తది పెడితే గంటల కూలిపోతది. గట్టి నెట్ అంచు తొడలకు గీసుకుంటది గనుక అంచుకు సన్న శాటిన్ రిబ్బన్ మడిచి కుట్టు, లోపట మెత్త కాటన్ అస్తరు వెయ్యి. మన ఎండలకు పాలిస్టర్ అస్తరు వద్దే వద్దు. ఇస్త్రీ పెట్టె వేడి తక్కువల పెట్టి, పైన గుడ్డ వేసి రుద్దాలె. నేరుగ పెడితే నెట్ కరిగి పెట్టెకు అంటుకుంటది.

నీలి రిబ్బన్ (హన్మకొండ)

అక్కా, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. స్కర్టు లెక్క రాసుకున్న. చేతుల గురించి కూడా చెప్పరా? టైలర్ అన్న బుట్ట చేతులు పెట్టినా సాయంత్రానికి పడిపోతయ్ అంటున్నడు. కాలర్ భుజం మీద ముడత పడకుండా కోయడం కూడా తెలవాలి.

నమూనా కాగితం (జనగామ)

కాలర్ ముందు. బాడీసు ముందు భాగం, వెనక భాగం కాగితం నమూనాలను భుజాల దగ్గర కలిపి పరవండి. మెడ వైపు మూలలు ఒకదానికొకటి తాకాలి. చంక వైపు మూలలు మాత్రం అర అంగుళం ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. దాని మీద కాలర్ గీయండి. ఆ అర అంగుళంతో కాలర్ బయటి అంచు కొద్దిగా కురచవుతుంది, దాంతో మెడ దగ్గర కాలర్ కాస్త లేచి మడత తిరుగుతుంది, మెడ కుట్టు దాని కింద దాగుతుంది. అసలు ఎక్కించకపోతే కాలర్ చాపలా పరుచుకుని కుట్టు బయటపడుతుంది. అంగుళంన్నర ఎక్కిస్తే బయటి అంచు మరీ కురచై భుజం మీద బిగిసిపోతుంది. మీరు అడిగిన ముడతలు సాధారణంగా ఇక్కడి నుంచే వస్తాయి.

వెనక కాలర్ లోతు మెడ నుంచి 8 అంగుళాలు పెట్టండి. జపాన్‌లో బాలికల బడులు 1920ల్లో ఈ సెయిలర్ యూనిఫాం తీసుకున్నాక కాలర్ ఆకారం ప్రాంతాన్ని బట్టి మారింది. కాంతో (టోక్యో) వైపు చిన్నది, కన్సాయ్ (ఒసాకా) వైపు కాస్త పెద్దది, నగోయా తరహా అయితే భుజాలను పూర్తిగా కప్పేస్తుంది. మాంగాలో కనిపించే పెద్ద కాలర్ చూసి నగోయా అంత పెట్టాలనిపిస్తుంది గానీ మీ గౌనుకు బుట్ట చేతులున్నాయి. కాలర్ భుజం దాటితే బుట్ట మీద కూర్చుని దాన్ని అణిచేస్తుంది. భుజం కొనకు అర అంగుళం లోపలే కాలర్ ఆపండి.

తెల్ల గీతలకు పావు అంగుళం వెడల్పు కాటన్ టేపు. మొదటి గీత తయారైన అంచుకు అర అంగుళం లోపల, గీతకూ గీతకూ మధ్య పావు అంగుళం. మూడు వరుసలకు దాదాపు 4 మీటర్లు పడుతుంది, 5 తీసుకోండి. టేపును ముందే ఉతికి ఆరబెట్టాలి, లేకుంటే మొదటి ఉతుకులో అది గుంజుకుని కాలర్ గిన్నెలా వంగుతుంది. టేపు రెండు అంచులనూ ఒకే దిక్కుగా కుట్టాలి. ఒక అంచు పైకి, ఇంకో అంచు కిందికి కుడితే టేపు మెలిపడి సన్న ముడతలు వస్తాయి, ఎంత ఇస్త్రీ చేసినా పోవు. మూలల దగ్గర టేపును ఏటవాలుగా మడిచి తిప్పండి. ఈ పనంతా కాలర్ పై ముక్క మీద, కింది ముక్క కలపకముందే అయిపోవాలి. ఫ్యూజింగ్ (ఇస్త్రీతో లోపల అతికించే గట్టి గుడ్డ) పల్చటిది, పై ముక్కకు మాత్రమే. రెండింటికీ వేస్తే అట్టలా నిలబడుతుంది.

చేతులు పడిపోవడానికి కారణం ఏమిటంటే, మన దగ్గర బుట్ట చేయి అంటే చేయి వెడల్పు పెంచి కుచ్చు పెడతారు, ఎత్తు పెంచరు. వెడల్పు ఒక్కటే పెరిగితే ఆ బట్ట పక్కలకు వేలాడుతుంది. పైకి లేవాలంటే పైన కూడా బట్ట ఉండాలి. మామూలు చేయి నమూనాను నిలువునా ఐదు చోట్ల చీల్చి, పైభాగంలో ఒక్కో చీలిక అంగుళం చొప్పున తెరవండి. చేయి తల (భుజానికి కుట్టే పై వంపు) ఎత్తు అంగుళంన్నర నుంచి రెండు అంగుళాలు పెంచండి. బాడీసు భుజాన్ని రెండు వైపులా అర అంగుళం లోపలికి తీసుకోండి, అంటే 14 కాస్తా 13 అవుతుంది. బుట్ట భుజం ఎముక మీద నుంచి లేవాలి, దాటి మొదలైతే జారుతుంది. కుచ్చు మొత్తం చేయి తల మీద పై మూడో వంతులోనే పెట్టాలి. చంక కిందికి వస్తే చేయి ఎత్తలేరు.

లోపల ఆసరాకు కాటన్ ఆర్గండీ (పల్చగా, బిరుసుగా ఉండే బట్ట) పట్టీ, 14 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు. దాన్ని పొడవునా మధ్యకు మడిచి, 7 అంగుళాలకు కుచ్చు పెట్టి చేయి తల మార్జిన్‌కు కుట్టండి. కాన్‌కాన్ నెట్ ముక్క పెడతామంటారు, వద్దు, భుజం మీద గీరుతుంది. కాటన్ చేతులైతే చేతులకు మాత్రం పల్చగా గంజి పెట్టండి. చేయి చుట్టు 10½ ఉంటే కఫు 11½ చేసి, అంగుళంపావు వెడల్పుతో నిలబెట్టండి. ఎలాస్టిక్ పెడితే అది పైకి ఎగబాకి బుట్ట ఆకారం చెడుతుంది.

పన్నా (సిరిసిల్ల)

బట్ట గురించి ఎవరూ తేల్చలేదు. మెరిసే శాటిన్ తీసుకోవద్దు. ఫ్లాష్ పడితే కుట్టు దగ్గరి ప్రతి లొసుగూ కనిపిస్తుంది, చెమట మరకలు కూడా. నా మాట అయితే స్కూలు యూనిఫాంలకు అమ్మే ముదురు నీలం టెర్రీకాట్ (పాలిస్టర్, కాటన్ కలిసిన బట్ట). 58 పన్నాలో దొరుకుతుంది, రంగు పోదు, ముడత తక్కువ. జూన్‌కు ముందు వరంగల్ జేపీఎన్ రోడ్డు, హన్మకొండ చౌరస్తా దుకాణాల్లో ఎన్ని నీలాలైనా చూసి ఎంచుకోవచ్చు.

కాటన్ నీలం తీసుకుంటే మాత్రం రంగు పరీక్ష తప్పనిసరి. ఒక చిన్న ముక్కను తడిపి తెల్ల గుడ్డ మీద పెట్టి వేడి ఇస్త్రీ చేయండి. తెల్ల గుడ్డకు నీలం అంటిందంటే ఆ బట్ట మీ మూడు తెల్ల గీతలను మొదటి ఉతుకులోనే పాడుచేస్తుంది. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందనే మాట నమ్మొద్దు. పోయే రంగు ఉప్పుకు ఆగదు.

కుట్టుపని అక్క (వరంగల్)

రంగు పరీక్ష మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అన్నా, యూనిఫాం బట్టల ప్యాంటుదీ షర్టుదీ తేడా ఉంటది గదా. ప్యాంటు బట్టతోని అంబ్రెల్లా కోస్తే బరువుకు కాన్‌కాన్ కూలుతది, రెండు పొరల నెట్ దాన్ని లేపలేదు. షర్టు మందం టెర్రీకాట్ గానీ మంచి పాప్లిన్ గానీ అయితేనే అంబ్రెల్లాకు పనికొస్తది. చేతిల ముక్క పట్టుకుని ముద్దలాగ పిసికి వదిలితే మెల్లగ తెరుచుకోవాలె. జారి ఏలాడితే అది మెత్త, చేతులకు గూడ పనికిరాదు. క్రేపు, జార్జెట్ అందుకే వద్దు.

పన్నా (సిరిసిల్ల)

అవును, షర్టు మందమే నా ఉద్దేశం. ప్యాంటు బట్ట ప్లీట్ల స్కర్టుకు మంచిది.

చుక్కల గొడుగు (ఖమ్మం)

ఆ ప్లీట్ల స్కర్టే నాకు కావాలి. యూనిఫాం కథల్లో ఉండేది. సీటు 38, నడుము 28. ఎంత బట్ట?

నమూనా కాగితం (జనగామ)

20 ప్లీట్లు పెట్టండి. సీటు దగ్గర ఒక్కో ప్లీటు బయటికి 1.9 అంగుళాలు కనిపిస్తుంది, లోపల దానికి రెండింతలు 3.8 దాగుతుంది. మొత్తం 114 అంగుళాలు. 58 పన్నాలో రెండు ముక్కలు కలిపితే 116, కుట్లు పోను సరిగ్గా సరిపోతుంది. పొడవు 20 అనుకుంటే పైన అంగుళం, కింద రెండు అంగుళాలు కలిపి 23, రెండు ముక్కలకు 46 అంగుళాలు. మీటరుంపావు కొనండి, నడుము పట్టీ కూడా వస్తుంది.

నడుము దగ్గర ఒక్కో ప్లీటు 1.4 మాత్రమే కనిపించాలి, 20 కలిపితే 28. అంటే ప్రతి ప్లీటునూ సీటు నుంచి పైకి పోయేకొద్దీ అర అంగుళం లోపలికి ఎక్కువ తోసి కచ్చా కుట్టు వేయాలి. అన్ని ప్లీట్లకూ సమానంగా పంచండి. నాలుగింటి దగ్గరే సర్దితే ఆ నాలుగూ కింద నోరు తెరుస్తాయి. కింది అంచు ముందే కుట్టేసి ఆ తర్వాతే ప్లీట్లు పెట్టాలి. ఒక పాలు వెనిగర్, మూడు పాళ్లు నీళ్లు కలిపి గుడ్డ తడిపి, ప్లీటు మీద పరిచి ఇస్త్రీ పెట్టెను నొక్కి పట్టండి, రుద్దొద్దు. చల్లారే దాకా పైన బరువు పెట్టండి. టెర్రీకాట్‌లో ప్లీటు నిలుస్తుంది, ఉత్త కాటన్‌లో ప్రతి ఉతుకు తర్వాతా మళ్లీ చేయాల్సిందే.

ఇక్కత్ ఇష్టం (హన్మకొండ)

నీలి రిబ్బన్ గారూ, పండుగలకు కూడా వేసుకుంటానన్నారు కదా. ఆకారం మాంగాది ఉంచి, బట్ట మనది పెడితే బతుకమ్మ ఆడడానికి వేయిస్తంభాల గుడికి కూడా అదే గౌనుతో పోవచ్చు. నీలం పోచంపల్లి ఇక్కత్ కాటన్ ఈ తరహాకు చాలా బాగుంటుంది. కాకపోతే ఇక్కత్‌ను అంబ్రెల్లా కోయొద్దు. గుండ్రంగా తిరిగేకొద్దీ డిజైను కూడా తిరుగుతుంది. ముందర నిలువుగా ఉన్న పువ్వు పక్కకు వచ్చేసరికి పడుకుంటుంది, మధ్యలో ఏటవాలుగా ఉంటుంది. ఇక్కత్ అయితే సీటుకు రెండున్నర రెట్లు తీసుకుని నేరుగా కుచ్చు పెట్టండి, డిజైను చుట్టూ ఒకే తీరుగా నిలబడుతుంది. నడుము కుచ్చు వల్ల కాస్త లావు కనిపిస్తుంది గనుక కుచ్చును ముందర తక్కువ, వెనక ఎక్కువ పంచాలి. వెనక ఎట్లాగూ రిబ్బన్ కప్పుతుంది. కాలర్ మాత్రం ఇక్కత్ పెట్టొద్దు, గీతలు దాని మీద కలిసిపోతాయి. కాలర్‌కు అదే నీలంలో ఉత్త బట్ట.

ఇంకో సంగతి, జపాన్ కుట్టు పుస్తకాల నమూనాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కొంటే రెండు విషయాలు చూసుకోండి. కొలతలు సెంటీమీటర్లలో ఉంటాయి, ఎక్కువ పుస్తకాల్లో కుట్టు మార్జిన్ కలిపి ఉండదు, మనమే కలుపుకోవాలి. అక్కడి 9 నంబరు సైజు అంటే ఛాతీ 83 సెం.మీ. దగ్గర, అంటే 33 అంగుళాలకు కాస్త తక్కువ. మీ 34కు 11 నంబరు నుంచి మొదలుపెట్టడం మంచిది.

నీలి రిబ్బన్ (హన్మకొండ)

ఇక్కత్ ఆలోచన చాలా నచ్చింది, రెండోది అట్లా కుట్టిస్తా. మొదటిది మాత్రం బొమ్మలో ఉన్నట్టే. జిప్పు ఎక్కడ పెట్టాలి? వెనక రిబ్బన్ ఉంది కదా. టైలర్ దగ్గరికి ఏమేం పట్టుకపోవాలి?

కుట్టుపని అక్క (వరంగల్)

ఎనక జిప్పు వద్దు చెల్లె, సెయిలర్ కాలర్ నడుమ చీలిపోతది. ఎడమ చంక కింద 2 అంగుళాలు వదిలి 14 అంగుళాల జిప్పు పక్కకు పెట్టియ్యి, నడుము దాటి స్కర్టులకు దిగాలె. మెడ తలకాయ పట్టేంత తెరుచుకోవాలె, తల చుట్టు 22, 23 అంగుళాలు ఉంటది. వీ మెడ కింద 4 అంగుళాల చీలిక ఇచ్చి హుక్స్ పెడితే, ఛాతీ మీద వచ్చే చిన్న తెల్ల ముక్క దాన్ని కప్పుతది. ఆ ముక్కను టిచ్ బటన్లతోని పెట్టుకో, ఉతికేటప్పుడు తీసెయ్యొచ్చు.

రిబ్బన్ ముడి వేసేది కాదు, కుట్టేది. ముడి వేస్తే ఎప్పుడూ ఒక చెవి వాలుతది. 29 అంగుళాల పొడవు, 15 వెడల్పు ముక్క మడిచి కుడితే 14కు 7 వస్తది, లోపట గట్టి నెట్ పొర పెట్టు, నడుమ 3 అంగుళాల పట్టీతోని బిగించు. తోకలు రెండు వేరే ముక్కలు. గౌనుకు కుట్టెయ్యకు, రెండు పెద్ద హుక్స్‌తోని తగిలించు. కాజీపేటల రైలు ఎక్కి సికింద్రాబాద్ దాక రెండు గంటలు దాని మీద ఒరిగి కూసుంటే ఇగ అది లేవది.

టైలర్‌కు బొమ్మ ఒక్కటే చూపియ్యకు. తెల్ల కాగితం మీద గౌను ముందు వైపు, వెనక వైపు మనిషి లేకుండ గీసి, ప్రతి కాడ అంగుళాలు రాయి. ప్రిన్సెస్ కట్ బాడీసు, ఎత్తు పెంచిన బుట్ట చేతులు, అంబ్రెల్లా, వేరే కాన్‌కాన్ అని చెప్పు, ఈ మాటలు వాళ్లకు తెలిసినవే. నీకు ఒంటికి సరిగ్గ పట్టే జాకెట్ ఒకటి ఆదికి ఇయ్యి. చంక లోతు ఆది కన్న అర అంగుళం తక్కువ పెట్టమను, చేతులు లేపినా గౌను మొత్తం పైకి గుంజుకపోదు.

అసలు బట్ట అప్పుడే ఇయ్యకు. కోరా గుడ్డ మీటరున్నర తీసుకపోయి బాడీసు, ఒక్క చెయ్యి, కాలరు, ఇవి మూడే కచ్చా కుట్టు వేయించి ఒంటి మీద చూస్కో. స్కర్టుకు ట్రయల్ అక్కర్లేదు, లెక్క తప్పకుంటే అది తప్పదు. ట్రయల్ల చెయ్యి నిలబడ్డదా, కాలరు భుజం మీద ముడత పడ్డదా, ఈ రెండు చూసినంకనే నీలం బట్టకు కత్తెర పెట్టనియ్యి. ఇదంతా వినాయక చవితి లోపట ఒప్పుకోవాలె. అది దాటితే బతుకమ్మ, దసరా జాకెట్ల కుప్పలు పడతయి, రెండోసారి ట్రయల్ చూపించే తీరిక ఏ టైలర్‌కూ ఉండదు.